నలభై కిలోమీటర్ల పైన

ఆఫీసు క్వార్టర్లు,
చలికాలం మొదట్లో

చెవిటి మాలోకానికి,

ఫోన్‌లో నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటుంటే నేను అరవడం, నా అరుపులకు పక్కింటావిడ ఏదో కొంప మునిగిందనుకుని తలుపు తట్టడం. ఈ గొడవంతా ఎందుకులే అని కాగితం తీశాను. ఇన్నేళ్ళు బాయిలర్ల హోరులో నిలబడ్డ చెవులు ఇక బాగుపడవని డాక్టరు తేల్చేశాడట. నువ్వు చెప్పలేదు, మరదలు చెప్పింది. నర్సును చేసుకున్నవాడికి రోగం దాచే వీలుండదు.

అత్తయ్యను మీ వృద్ధాశ్రమంలోనే చేర్చడం మంచిదైంది. అమ్మ పోయాక మనిద్దర్నీ పెంచిన మనిషి. ఉద్యోగమంతా బస్సులో టికెట్లు కొడుతూ నిలబడే గడిపింది. ఇప్పుడైనా కూర్చోనీ. నువ్వు కింద బాయిలర్ దగ్గర, మరదలు వార్డులో. నాకు బెంగ లేదు.

నేనేం ఉద్యోగం చేస్తానని ఆవిడ అడిగితే "ఆకాశానికి జ్వరం చూస్తుంది" అన్నావట. తప్పేం లేదు. గాలిలోని ఆక్సిజన్ తన వేడిని బట్టి సన్నని మైక్రోవేవ్ తరంగాలు వదులుతూ ఉంటుంది. కంటికి కనపడవు, ఒంటికి తగలవు. పైన తిరిగే మా ఉపగ్రహం మీద వాటిని పట్టే పరికరం ఉంది. రేడియోలో స్టేషను మార్చినట్టు తరంగం మారిస్తే ఒక్కో ఎత్తులోని గాలి పలుకుతుంది. విమానాలు, బెలూన్లు చేరలేని చోట ఎంత వేడి ఉందో అలా తెలుసుకుంటాం. కింద మనకు ఏటేటా వేడి పెరుగుతుంటే అంత ఎత్తున మాత్రం చల్లబడుతోంది. ఆ లెక్క తప్పిపోకుండా చూడటమే నా పని.

పరికరం తిన్నగా చెబుతోందా లేదా అన్నదే ఎప్పుడూ పేచీ. అది భూమిని చూసినప్పుడల్లా ఒకసారి ఖాళీ ఆకాశాన్ని, ఒకసారి తనలోనే ఉన్న వెచ్చని నల్ల పలకను చూసుకుని, ఆ రెంటితో పోల్చి లెక్క చెబుతుంది. పోయిన వేసవిలో పైగాలి హఠాత్తుగా వేడెక్కిందని మా డైరెక్టరుగారు పత్రికలకు చెప్పేశారు. వారం తిరక్కుండానే అది గాలి వేడి కాదు, పలక మీద పడ్డ ఎండ అని తేలింది. ఒక పత్రికలో ఆయన నెత్తిన తడిగుడ్డ వేసి బొమ్మ గీశారు. అప్పటినుంచి ఎవరైనా వేడి అంటే చాలు, ఆయన ఉలిక్కిపడతారు.

జాగ్రత్త.

నీ అక్క

*

బాయిలర్ గది

అక్కకు,

నీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. "అంటే అది కూడా నాలాగే, చూడకుండానే ఎవడు టికెట్ తీయలేదో కనిపెడుతుందన్నమాట" అంది. ఇక్కడందరూ ఆవిడను కండక్టరమ్మ అంటున్నారు. భోజనాల దగ్గర వరస చెడితే "జరగండి, జరగండి, లోపల బోలెడు చోటుంది" అని ఒక్క కేక వేస్తుంది. ఎంత దూరాన్నుంచైనా నాక్కూడా వినపడే గొంతు అదొక్కటే.

ఆవిడ గది పై అంతస్తులో చివర. కిటికీ తీసే ఉంచుతుంది. నేను కింద చమటోడ్చి వేడినీళ్ళు పంపితే ఆవిడ వీధిని వెచ్చబెడుతోంది. మీ మరదలు మూస్తుంది, ఆవిడ తీస్తుంది. వాళ్ళిద్దరికీ అదో కాలక్షేపం.

ఈ ఏడు చలే లేదు. చెట్లకు చిగుళ్ళు కూడా వచ్చాయి. మా మేనేజరుకు ఓ ఆలోచన వచ్చింది. నా దగ్గర రెండు బాయిలర్లున్నాయి కదా, రెండోదాని లోపలి గొట్టాలు పాతవై కారుతున్నాయి. "ఎండాకాలం దాకా ఎందుకు, ఇప్పుడే విప్పేయ్, వర్క్‌షాపువాడు ఖాళీగా ఉన్నాడు" అంటున్నాడు. చలికాలం నడిమధ్యలో బాయిలర్ విప్పడం ఎక్కడైనా ఉందా? అదే అన్నాను. "చలి ఎక్కడుంది, చూపించు" అన్నాడు. చూపించలేకపోయాను. నిజంగానే లేదు.

తమ్ముడు

*

ఆఫీసు క్వార్టర్లు

తమ్ముడూ,

ఇది అందగానే చదువు. నవ్వులాట కాదు.

ఉత్తర ధ్రువం మీద, నలభై కిలోమీటర్ల ఎత్తున, వారం లోపల గాలి దాదాపు యాభై డిగ్రీలు వేడెక్కింది. ఇన్నేళ్ళలో ఇంత పెద్దది నేను చూడలేదు.

పైన వేడెక్కితే మనకేమిటంటావు. చలికాలమంతా ధ్రువం చుట్టూ ఒక పెద్ద గాలి సుడి తిరుగుతూ, అక్కడి చలిని అక్కడే కట్టి ఉంచుతుంది. ఒక్కోసారి కింది నుంచి లేచిన గాలి కెరటాలు దాన్ని విరగ్గొడతాయి. అప్పుడు పైగాలి కిందికి కుంగి, నొక్కుకుపోయి వేడెక్కుతుంది. మా పరికరానికి కనపడేది ఆ వేడి. కట్టు తెగాక రెండు మూడు వారాలకు చలి మనవైపు జారుతుంది. ప్రతిసారీ జారదు. మూడుసార్లలో ఒకసారి ఏమీ కాదు. నీకు అబద్ధం చెప్పను, ఈసారి అదే కావచ్చు.

డైరెక్టరుగారు ఇది మళ్ళీ ఆ పలక వేషమే అంటున్నారు. కాదని నాకు తెలుసు. పలక చెడితే పరికరం చూసిన ప్రతి చోటా, ప్రతి ఎత్తులోనూ తప్పు కనపడాలి. ఇది ధ్రువం మీదే, పై ఎత్తుల్లోనే కనపడుతోంది. ఇంకో దేశం ఉపగ్రహం లెక్కలు కూడా తెప్పించి చూశాను. అవీ ఇదే చెబుతున్నాయి. ఆయన ఆ కాగితాలు పక్కన పెట్టి, ఈ వారం లెక్కలన్నిటికీ 'అనుమానం' గుర్తు పెట్టించారు. గుర్తు పెట్టిన లెక్క బయటికి పోదు.

వాతావరణ సూచనలు చెప్పడం మా ఆఫీసు పని కాదు. నా పని అసలే కాదు. కానీ మీ మేనేజరు ఆ బాయిలర్ విప్పకుండా ఆపు.

అక్క

*

బాయిలర్ గది

అక్కకు,

నీ ఉత్తరం పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. అప్పటికే రెండో బాయిలర్ సగం విప్పి ఉంది. వర్క్‌షాపువాళ్ళు రాకముందే బిగించేయొచ్చని నా ఆశ.

మనిషి చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి విన్నాడు. "మీ అక్క సొంత మాటా, ఆఫీసు మాటా?" అన్నాడు. సొంతమాటే కానీ లెక్క చూసి చెప్పిందన్నాను. "అయితే ఆఫీసునే అడుగుదాం" అని నా ఎదురుగానే మీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. నాకు అవతలి మాట ఎలాగూ వినపడదు, అతని మొహమే చూస్తూ కూర్చున్నాను. మొదట కళ్ళు చిట్లించాడు. తరవాత "ఓహో, ఓహో" అన్నాడు. చివరికి నవ్వాడు. నవ్వు చూడగానే నాకు తెలిసిపోయింది.

"మీ అక్క చెప్పినట్టు ఏమీ లేదట. పరికరంలో లోపమట. సాక్షాత్తూ డైరెక్టరే చెప్పాడు."

నేను లేచి నిలబడ్డాను. "మీకేం అనిపిస్తే అది చేయండి సార్, బాయిలర్ మాత్రం బిగించనివ్వండి" అన్నాను. "వర్క్‌షాపువాడికి మాటిచ్చానయ్యా" అన్నాడు.

గొట్టాలు నిన్న లారీలో వెళ్ళిపోయాయి. ఇక్కడ నన్ను 'ఆకాశం మనిషి' అంటున్నారు. వంటావిడ నేను కనపడితే గొడుగు తెరుస్తోంది. బయట ఎండ కాస్తోంది. జనం చొక్కాలతో తిరుగుతున్నారు. నాకు నీమీద కొంచెం కోపం వచ్చిందక్కా, దాచడమెందుకు. నువ్వు చెప్పావని నేను చెప్పాను. మీ ఆఫీసే కాదంది.

తమ్ముడు

*

ఆఫీసు క్వార్టర్లు

తమ్ముడూ,

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను డైరెక్టరుగారి గదిలోనే ఉన్నాను.

లెక్కల మీద గుర్తు తీసెయ్యమని అడగడానికి వెళ్ళాను. ఫోన్ మోగింది. మాటలను బట్టి మీ మేనేజరేనని అర్థమైంది. "సార్, నిజమని చెప్పండి, కనీసం అవకాశముందని చెప్పండి" అన్నాను. ఆయన ఫోన్ మీద అరచెయ్యి మూసి, "మళ్ళీ నా నెత్తిన తడిగుడ్డ వేయిస్తావా?" అన్నారు. చెయ్యి తీసి, "లోపం అండీ, పట్టించుకోకండి" అని పెట్టేశారు. అంతే. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

బయటికొచ్చి నేనే మీ మేనేజరుకు తిరిగి ఫోన్ చేశాను. నా పేరు వినగానే "మీ తమ్ముడి ఉద్యోగం పోవాలని ఉందా అమ్మా" అని మర్యాదగానే పెట్టేశాడు. వాతావరణ శాఖలో తెలిసినవాళ్ళకు చెప్పాను. వాళ్ళ సూచన పదిరోజులకు మించి వెళ్ళదట, అంతలో చలి జాడేమీ లేదట. "మీ ఆఫీసు రాసి ఇస్తే చూస్తాం" అన్నారు.

కోపమొస్తే రానీ. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది చెయ్యి. ఒక్క బాయిలర్‌తో ఆశ్రమమంతా వెచ్చబడదు. ఒక్క గది వెచ్చబడుతుందా? భోజనాల హాలు బాయిలర్ పక్కనే కదా. చలి మొదలవగానే పైవాళ్ళనందరినీ అక్కడికి దించెయ్. బయటి నీళ్ళ గొట్టానికి గుడ్డలు చుట్టు. అత్తయ్య కిటికీకి మేకులు కొట్టు, తిడితే నా పేరు చెప్పు.

నాకు ఆఫీసులో పని కొంచెం మారింది. చెప్పుకోదగ్గదేం కాదు.

అక్క

*

బాయిలర్ గది

అక్కకు,

రెండు ముక్కలు. గొట్టానికి గోనెలు చుట్టాను. హాలు కిటికీల సందుల్లో దూది కూరాను. పాత పరుపులు మెట్ల కింద చేర్చాను. మేనేజరు చూసి, "పెళ్ళివారికి విడిదా?" అన్నాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, రోజూ ఎండ చూస్తుంటే నాకే నా పని పిచ్చిగా అనిపిస్తోంది.

అత్తయ్య మేకులు కొట్టనివ్వలేదు. "మీ అక్క వచ్చి కొట్టమను" అంది.

ఇవాళ మధ్యాహ్నం నుంచి గాలి తిరిగింది. పొగగొట్టం పొగ ఎప్పుడూ పోని దిక్కుకు పోతోంది.

తమ్ముడు

*

బాయిలర్ గది

అక్కా,

ఫోన్ తీగలు తెగాయి, రోడ్లు మూశారు. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. పత్రికల్లో చూసే ఉంటావు. చూడకపోతే నేనే చెప్పాలి.

అత్తయ్య పోయింది.

ఆవిడతో కలిపి తొమ్మిదిమంది పోయారు.

గాలి తిరిగిన మర్నాటికే చలి దిగింది. నీళ్ళ బకెట్లు గదుల్లోనే గడ్డకట్టాయి. మేనేజరును అడక్కుండానే పైవాళ్ళను దించడం మొదలెట్టాను. నేను, మీ మరదలు, వంటావిడ, ఇంకో ఇద్దరు. నడవలేనివాళ్ళను కుర్చీల్లో మోశాం. అత్తయ్య మెట్ల మొదట్లో నిలబడి "జరగండి, జరగండి, ముందున్నవాళ్ళు కదలండి" అని అందరినీ తోలింది. ఆవిడ లేకపోతే ఆ పని అయ్యేదే కాదు. మేనేజరు వచ్చి అరిచాడు. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి అతనూ ఒక కుర్చీ పట్టాడు.

అందరూ హాల్లో పడ్డాక అత్తయ్య చుట్టూ చూసి, "ఇంత రద్దీలో నాకు నిద్ర పట్టదురా, జన్మంతా రద్దీలోనే గడిపాను" అని మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. కిటికీ మూశాను, రెండు దుప్పట్లు కప్పాను. చలి తగ్గాక ఎలాగూ అందరూ నన్ను చూసి నవ్వుతారు, ఇప్పుడే ఆవిడతో పోట్లాట ఎందుకనుకున్నాను. ఆ రాత్రి బయటి గొట్టం గడ్డకట్టి బాయిలర్ ఆగిపోయింది. మళ్ళీ వెలిగేసరికి తెల్లారింది. హాల్లో ఒకరినొకరు ఆనుకుని పడుకున్నవాళ్ళు చాలామంది నిలిచారు. గుండె జబ్బులవాళ్ళు నిలవలేదు.

అత్తయ్య నిద్రలోనే పోయింది. ఆవిడకేమీ తెలియలేదు.

నువ్వు రాకుండానే దహనం చేయాల్సొచ్చింది. క్షమించు.

తమ్ముడు

*

ఆఫీసు క్వార్టర్లు

నాన్నా,

నీ ఉత్తరం చేతికొచ్చి చాలాసేపైంది. ఏం రాయను.

నిద్రలో పోయిందన్న ఒక్క మాటను పట్టుకుని కూర్చున్నాను. నువ్వు కాకపోతే ఆ తొమ్మిది ఎంతయ్యేదో. నీమీద నువ్వు నెపం వేసుకోకు. ఆవిడ మాట ఆవిడే వినదు, నీ మాట వింటుందా.

ఇక్కడి సంగతి ఇన్నాళ్ళూ నీకు పూర్తిగా చెప్పలేదు. మీ మేనేజరుకు తిరిగి ఫోన్ చేశానన్న నేరానికి నన్ను లెక్కల గదిలోంచి తీసేసి పాత టేపులు సర్దే గదిలో వేశారు. చలి వచ్చినప్పుడు అంకెలు చూసే వీలు కూడా నాకు లేదు. అందరిలాగే కిటికీలోంచి చూశాను.

విచారణ కమిటీ వేశారట కదా. నిన్న డైరెక్టరుగారు పిలిచి కుర్చీ చూపించారు. కాఫీ తెప్పించారు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. "ఎవరో ఫోన్ చేసినట్టు నాకు గుర్తు లేదమ్మా. నీకూ గుర్తు లేకపోతే మంచిది. నీ సీటు నీకు వస్తుంది" అన్నారు.

"పోయినవాళ్ళలో మా అత్తయ్య ఉంది సార్" అన్నాను.

ఆయన తన కాఫీ కప్పు పక్కకు జరిపారు. తరవాత, "నాకు తెలియదు" అన్నారు. కాఫీ తాగలేదు, నేనూ తాగలేదు. కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వస్తున్నాను. కమిటీకి చెబుతాను. ఆ ఫోన్ ఇవతల విన్నది నేనొక్కదాన్నే, అవతల చూసింది నువ్వొక్కడివే.

అక్క

*

రైల్లో, తిరుగు ప్రయాణంలో

తమ్ముడూ,

బండి కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నాయి. సాక్షులు ఒకరి మాట ఒకరు వినకూడదని నిన్ను వరండాలో కూర్చోబెట్టారు కదా. లోపల ఏం జరిగిందో చెప్పకుండానే బండెక్కేశాను. చెప్పేందుకు నోరు రాలేదు.

పెద్ద బల్ల. ముగ్గురు. మర్యాదస్తులే. వేడెక్కడమంటే ఏమిటో, ఎలా కొలుస్తామో అడిగారు. చెప్పాను. ఫోన్ సంగతి చెప్పాను. అప్పుడు ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చలి కచ్చితంగా వస్తుందని మీరు చెప్పగలిగేవారా?" అన్నాడు.

"లేదండీ. మూడుసార్లలో రెండుసార్లు వస్తుంది."

"అంటే రాకపోవచ్చు కూడా."

"రాకపోవచ్చు."

ఆయన రాసుకున్నాడు. నేను చెప్పినవాటిలో ఆయన రాసుకున్నది అదొక్కటే. కచ్చితంగా వస్తుందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే కేసు నిలిచేదేమో. నా నోట అది రాలేదు.

తరవాత అడిగాడు: "బాయిలర్ పనివాడు మీకు స్వయానా తమ్ముడా? పోయినావిడ మీ ఇద్దరికీ మేనత్తా?" అవునన్నాను. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. మనిద్దరం కూడబలుక్కుని వచ్చామని ఆ చూపు చెప్పింది.

వచ్చే వారం నీ వంతు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మీ మేనేజరు ఫోనే చేయలేదంటున్నాడని విన్నాను. భయపడుతున్నాడు, అంతే. వాదించకు.

అక్క

*

బాయిలర్ గది

అక్కకు,

తీర్పు వచ్చింది. ముందే రాయాల్సింది, చెయ్యి సాగలేదు.

'మునుపెన్నడూ ఎరగని చలి. ముందుగా తెలిసే వీలు లేదు. బంధువుల సాక్ష్యానికి వేరే ఆధారం లేదు.' ఇంతే. అనుమతి లేకుండా వృద్ధులను గదులు మార్చినందుకు నన్ను మందలించారు. మేనేజరును వేరే ఊరికి బదిలీ చేశారు. వెళ్ళేముందు బాయిలర్ గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఏదో అన్నాడు. బాయిలర్ హోరులో నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇంకొకటుంది. నువ్వు నాలుగురోజులు నా ఇంట్లోనే ఉన్నావు. ఎదురుగా కూర్చుని తిన్నావు. చెప్పలేకపోయాను. కమిటీ ముందు చెప్పాల్సొచ్చింది కాబట్టి ఎవరి ద్వారానో నీకు తెలిసేకన్నా నేనే రాస్తున్నాను.

అత్తయ్య నిద్రలో పోలేదు.

మెట్ల మలుపులో దొరికింది. భుజాల మీద రెండు దుప్పట్లూ కప్పుకుని, రెయిలింగ్ పట్టుకుని కూర్చుని ఉంది. బాయిలర్ ఆగాక చలికి తట్టుకోలేక దిగుతూ అక్కడ ఆగిపోయింది. నేను గొట్టం కరిగించడానికి వేడినీళ్ళ బిందెలు మోస్తూ ఆ మెట్ల కిందినుంచే అటూ ఇటూ తిరిగాను. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఆ రాత్రి హాల్లో ఉన్న ఒక ముసలాయన కమిటీకి చెప్పాడు: "కండక్టరమ్మ పిలవడం విన్నాను. ఈయన అటే వెళ్తున్నాడు కదా, చూస్తాడులే అనుకున్నాను." ఆయన తప్పేం లేదు. చలిగాలి రాకుండా హాలు తలుపుకు దుప్పట్లు కుక్కి మూసింది నేనే.

ఆ గొంతు నాకు ఎక్కడున్నా వినపడుతుందనుకునేవాణ్ణి. ఆ రాత్రికి అది కూడా సన్నబడిపోయిందేమో. మీ మరదలు అంటుంది, అంత చలిలో గొంతు లేవదని. నన్ను ఓదార్చడానికి అంటోందో, నిజమో.

తమ్ముడు

*

బడి స్టాఫ్ రూము

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఒకరోజంతా నీమీద కోపంగా ఉన్నాను. ఎందుకు దాచావని. మర్నాడు ఎందుకు చెప్పావని. తరవాత ఏ కోపమూ లేదు. ఆవిడను తలుచుకున్నప్పుడల్లా ఇక నాకూ ఆ మెట్లే కనపడతాయి. పోనీ, నువ్వొక్కడివే అక్కడ ఉండనక్కర్లేదు.

పై చిరునామా చూశావుగా. ఆఫీసు వదిలేశాను. వాళ్ళు పొమ్మనలేదు, పొమ్మనేదాకా నేను ఉండలేదు. ఇక్కడ ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఒక గది, కిరోసిన్ స్టవ్, ఎదురుగా సైకిల్ రిపేరు షాపు. వాడి పంపు చప్పుడుతో తెల్లారుతుంది.

ఒక సంగతి విను. నా పక్కసీటు అమ్మాయి ఫోన్ చేసింది. చలికాలం వెళ్ళాక, ఎవరూ అడక్కుండానే, డైరెక్టరుగారు ఆ వారం లెక్కల మీద అనుమానం గుర్తు తీయించేశారట. పరికరం సరిగానే చూసిందని రాయించారట. ఇప్పుడు ఆ వేడి పుస్తకాల్లోకెక్కింది. ఇన్నేళ్ళలోకెల్లా పెద్దదని మీటింగుల్లో గీత గీసి చూపిస్తున్నారట. దాని కింద తొమ్మిదిమంది ఉన్నారని ఆ గీతలో ఎక్కడా ఉండదు. ఉండకూడదు కూడా, అది గాలి వేడి మాత్రమే. నాకది తెలుసు. అయినా ఆ రోజు పిల్లలకు పాఠం చెప్పలేక, చదువుకోమని చెప్పి కూర్చున్నాను.

నీ దగ్గర రెండో బాయిలర్ బిగించారా?

అక్క

*

బడి స్టాఫ్ రూము,
మరుసటి చలికాలం

తమ్ముడూ,

మళ్ళీ వేడెక్కింది. పోయినేటి అంత కాదు, ముప్పై డిగ్రీలుంటుంది. ఆ పక్కసీటు అమ్మాయే రహస్యంగా చెప్పింది. ఆఫీసు ఇంకా నోరు విప్పలేదు.

వస్తుందో రాదో తెలియదు. పోయినసారి చెప్పిన మాటే: రాకపోవచ్చు. అయినా ఈసారి నీకొక్కడికే రాసి ఊరుకోలేదు. బడి అయ్యాక టెలిఫోన్ బూత్‌లో కూర్చుని ఆసుపత్రులకు, అనాథాశ్రమాలకు, జైలుకు కూడా ఫోన్ చేశాను. ఎవరు మీరు అంటే బడి పంతులమ్మనని చెప్పాను. సగంమంది పెట్టేశారు. జైలు వార్డెన్ మాత్రం అంతా రాసుకుని, "దుప్పట్లు తెప్పిస్తానమ్మా" అన్నాడు.

మీ కొత్త మేనేజరుకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

అక్క

*

బాయిలర్ గది

అక్కకు,

నేనే చెప్పాను. కొత్తాయన మీ ఆఫీసుకు ఫోన్ చేస్తానన్నాడు. "చేసుకోండి సార్, ఈలోగా నేను వెలిగిస్తాను" అని వచ్చేశాను. రెండు బాయిలర్లూ వెలిగించాను. మీ మరదలు పైవాళ్ళనందరినీ ముందే హాలుకు దించేసింది. ఈసారి పైకి వెళ్ళిపోతామన్న నలుగురిని పట్టుకొచ్చి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని తనే కూర్చుంది.

మూడు వారాలు గడిచి నాలుగోది నడుస్తోంది. చలి రాలేదు. ఒక్క మంచు పలుకు లేదు. నీ లెక్క తప్పింది.

హాల్లో ఉక్కపోతకు జనం అల్లాడుతున్నారు. స్వెట్టర్లు విప్పి కుర్చీలకు తగిలించారు. ముసలాయన ఒకడు అట్టముక్కతో విసురుకుంటూ నన్ను పొద్దున్నుంచి తిడుతున్నాడు. పోయినేడు అత్తయ్య పిలుపు విన్నానన్నది ఆయనే. పక్కావిడ తన పరుపు మీద ఇంకొకావిడ కాలు పడుతోందని గొడవ. వంటావిడ మళ్ళీ గొడుగు తీసింది. బాయిలర్లకు ఖర్చైన నూనెకు నా జీతంలో కోత పడుతుందట, కాగితం వచ్చింది.

ఇవాళ సాయంత్రం గుమ్మంలో నిలబడి వాళ్ళను చూశాను. అందరి మొహాలూ ఎర్రగా, చమట్లు పట్టి, చిరాగ్గా ఉన్నాయి. ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాను. అందరూ ఉన్నారు.

నువ్వు దీనికి సిగ్గుపడి కూర్చుంటావని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. వచ్చే ఏడు మళ్ళీ పైన వేడెక్కితే మళ్ళీ రాయి. తప్పవుతుందేమోనని ఆలోచించకు. నేను వెలిగిస్తాను.

తమ్ముడు